నేల పొరకు సూది తగలని బొంత

కార్తికమాసంలో వనభోజనాలకు వెళ్ళినవారిలో చాలామందికి ఈ అనుభవం ఉంటుంది. ఉసిరి చెట్టు కింద పూజ ముగుస్తుంది, విస్తరాకులు వేస్తారు, పులిహోర వడ్డన మొదలవుతుంది. సరిగ్గా ఆ వేళకు, జంబుఖానా మీద కూర్చున్నవారికి మోకాళ్ళ దగ్గరా, చీర కుచ్చెళ్ళ దగ్గరా చల్లగా తడి తగులుతుంది. అందుకు వాన కురిసి ఉండనక్కరలేదు. మా గోదావరి ప్రాంతంలో అక్టోబరు, నవంబరు నెలల్లో ఈశాన్య రుతుపవనాలూ, బంగాళాఖాతంలో పుట్టే వాయుగుండాలూ నేలను ఆరనివ్వవు. ఆకాశం తేటగా ఉన్న రోజున పచ్చిక నిండా మంచు ఉంటుంది. తోటల్లో చెట్ల నీడన ఆ మంచు పొద్దెక్కినా తొందరగా ఆరదు. మా కుటుంబం ఏటా కడియం దగ్గర బంధువుల మామిడితోటలో వనభోజనాలు చేసుకుంటుంది. అక్కడ పరచడానికి నీరు ఎక్కని బొంత ఒకటి ఇంట్లోనే కుట్టాలని రెండేళ్ళ క్రితం పూనుకున్నాను. మొదటిది పనికిరాలేదు, రెండోది పనికొచ్చింది. నేలను తాకే పొరకు సూది తగలకూడదని ఆ రెండింటి మధ్య తెలుసుకున్నాను. ఇక్కడ రాస్తున్న కొలతలూ కుట్లూ అన్నీ ఆ ఒక్క నియమం నుంచి పుట్టినవే.

మొదటి బొంతను మా అమ్మమ్మ కుట్టిన పద్ధతిలోనే కుట్టాను. పాత నూలు చీరలను మూడు పొరలుగా పరచి, నాలుగు వైపులా టాకాలు వేసి కదలకుండా నిలిపి, ఆ తర్వాత ఒక అంచు నుంచి రెండో అంచు దాకా పొడుగునా వరసలు వరసలుగా చేతికుట్టు వేస్తూ పోవడం ఆవిడ పద్ధతి. బొంతకు బలమంతా ఆ వరసల్లోనే ఉంటుంది. పొరలు ఒకదాన్నొకటి పట్టుకుని, ఎన్నిసార్లు ఉతికినా ముద్దకట్టకుండా ఉండేది వాటివల్లనే. నేను అదనంగా చేసినదల్లా అడుగున ఒక టార్పాలిన్ పొర చేర్చి, అన్నింటినీ కలిపి కుట్టడం. అంచులకు చీర నుంచి తీసిన నూలు పట్టీని మడిచి కుట్టాను. చూడడానికి చాలా ముచ్చటగా వచ్చింది. తోటలో పరిచిన అరగంటకు మా పెద్దత్తయ్యగారు లేవబోతూ రెండు మోకాళ్ళ మీదా బరువు మోపారు. లేచి నిలబడేసరికి ఆవిడ పట్టుచీర మీద రెండు గుండ్రని తడి మరకలు ఉన్నాయి. "టార్పాలిన్ వేశానన్నావు కదమ్మా, మరి ఈ నీళ్ళు ఎక్కణ్ణించి వచ్చాయి?" అని అడిగారు. ఆ మాటలో నిష్ఠూరం లేదు, తెలుసుకోవాలనే అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

ఇంటికి వచ్చాక ఒక మూల పై పొరలను విప్పి, టార్పాలిన్‌ను కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకున్నప్పుడు జవాబు దొరికింది. నేను వేసిన కుట్లన్నీ వెలుగు చుక్కలై వరసగా కనిపించాయి. ఆరడుగుల వరస ఒక్కొక్కదానిలో అంగుళానికి ఐదు బెజ్జాల చొప్పున 360, రెండంగుళాలకొకటిగా వేసిన 25 వరసల్లో 9000. బట్టలో సూది దిగితే పోగులు పక్కకు జరిగి, మళ్ళీ దారాన్ని ఒరుసుకుని నిలుస్తాయి. ప్లాస్టిక్ పొరలో పడిన బెజ్జం బెజ్జంగానే ఉండిపోతుంది. పైగా ఆ బెజ్జాలన్నింటిలోనూ నేను నూలు దారం నడిపాను. నూలు దారం నీటిని పైకి లాగుతుంది. ఆ నెలంతా తులసికోట దగ్గర దీపం పెడుతూ, వత్తి నూనెను పైకి లాగి వెలగడం రోజూ కళ్ళతో చూస్తూనే ఉన్నాను. ప్రమిదలో జరిగే ఆ పనే నా బొంతలోనూ జరుగుతుందన్న ఊహ మాత్రం రాలేదు. అంచులకు వేసిన నూలు పట్టీ ఇంకా పెద్ద వత్తి. అది తడి పచ్చికను నాలుగు వైపులా తాకుతూ ఉంటుంది కనుక, కింద ఒక్క బెజ్జం లేకపోయినా అంచు నుంచి తడి లోపలికి పాకి ఉండేది.

ఈ చిక్కు నాకొక్కదానికే ఎదురైనది కాదని తర్వాత చదివి తెలుసుకున్నాను. గ్లాస్గోకు చెందిన చార్లెస్ మాకింతోష్ అనే రసాయనవేత్త 1823లో నీరు దిగని బట్టకు పేటెంటు పొందాడు. రబ్బరును నాఫ్తాలో కరిగించి, ఆ జిగురును రెండు బట్టల మధ్య పూసి అతికించడం ఆయన కనిపెట్టిన విధానం. బట్ట మంచిదే. అయితే దర్జీలు దాన్ని మామూలు కోటులాగే సూదితో కుట్టినప్పుడు, ఆ సూది పోట్లలోంచి వాన నీరు లోపలికి దిగేది. రెండు వందల ఏళ్ళ కిందట దర్జీలు చేసిన పొరపాటే నేను మామిడితోటలో చేశానన్నమాట. ఈ నాటి గుడారాల్లోనూ వాన కోట్లలోనూ కుట్టు మీద లోపలి వైపు నుంచి పట్టీ అతికించి ఉండడానికి కారణం అదే.

గొడుగు బట్ట వానను ఆపుతుంది కదా, దాన్నే అడుగున వేస్తే సరిపోదా అని మా తోడికోడలు అడిగింది. సరిపోదు. గొడుగు మీద పడిన చినుకు జారిపోతుంది, ఆ బట్టను నీటిలోకి అదిమేవారు ఎవరూ ఉండరు. నేల మీద పరిచిన బట్ట సంగతి వేరు. 60 కిలోల మనిషి మఠం వేసుకుని కూర్చున్నప్పుడు సుమారు 1000 చదరపు సెంటీమీటర్ల మేర నేలను తాకుతారనుకుంటే, ఒక్కో చదరపు సెంటీమీటరు మీద 60 గ్రాముల బరువు పడుతుంది. 60 సెంటీమీటర్ల ఎత్తున నిలిచిన నీరు తన అడుగున కలిగించే ఒత్తిడి కూడా అంతే. అదే మనిషి లేవడానికి మోకాళ్ళ మీద ఆని, బరువంతా 100 చదరపు సెంటీమీటర్ల మీదకు తెస్తే, ఆ ఒత్తిడి 6 మీటర్ల నీటికి సమానమవుతుంది. అంతా నేలలోని నీటికే చేరదు, కొంత నీరు పక్కలకు జారిపోతుంది. అయినా కూర్చున్నంతసేపూ ఆరి ఉన్న బొంత, లేవబోయే క్షణంలో తడి కావడం ఎందుకో ఈ లెక్క చెబుతుంది. గుడారాల బట్టల మీద 1500 మిల్లీమీటర్లు, 3000 మిల్లీమీటర్లు అని రాసి ఉండే అంకెలు కూడా బట్ట ఎంత ఎత్తు నీటిని ఆపగలదో తెలిపేవే. ఊరికే కూర్చోవడానికి చిన్న అంకె చాలు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవారు ఉన్న ఇంటికి పెద్ద అంకె కావాలి.

అడుగు పొర ఎంపికకు నేను ఎక్కువ కాలమే తీసుకున్నాను, ఎందుకంటే ఇందులో తప్పు జరిగితే తర్వాత ఎంత జాగ్రత్తగా కుట్టినా ప్రయోజనం ఉండదు. ధాన్యం రాశుల మీద కప్పే బరకాలు ఊళ్ళల్లో ఎక్కడైనా దొరుకుతాయి, నీటిని బాగా ఆపుతాయి. అయితే మడత పెట్టిన చోటల్లా వాటి పూత కొన్నాళ్ళకు చిట్లుతుంది, కదిలినప్పుడల్లా గరగరమని చప్పుడు చేస్తాయి. యూరియా సంచులను విప్పి, కలిపి కుట్టి పట్టాలుగా వాడడం మా పల్లెల్లో మామూలే. వడియాలు ఎండబెట్టడానికి అంతకంటే మంచిది లేదు గాని, వాటి మధ్య కుట్లు ఎక్కువ కనుక తడి నేలకు పనికిరావు. పాత ఫ్లెక్సీ బ్యానర్లు ఉచితంగా దొరుకుతాయి, బరువు మాత్రం ఎక్కువ. పైగా ఎండకు నిలిచి నిలిచి పెళుసెక్కి ఉంటాయి. రెక్సిన్ కూడా బరువే, ఎండలో మడత పెడితే తనకు తానే అంటుకుంటుంది. చంటిపిల్లల పక్క మీద వేసే రబ్బరు షీటు మెత్తగా ఉంటుంది, కాని కుటుంబమంతా కూర్చునే పన్నాలో, అంటే అంత వెడల్పులో, అది దొరకదు, అతుకు పెడితే మళ్ళీ కుట్టు వస్తుంది.

చివరకు నేను తీసుకున్నది స్కూలు బ్యాగులకు వాడే నైలాన్ బట్ట. ఒక వైపు మామూలు నేత కనబడుతుంది, రెండో వైపు పాలియురెథేన్ పూత పల్చగా, కొంచెం జిగటగా చేతికి తెలుస్తుంది. బ్యాగులు కుట్టేవారికి సరుకు అమ్మే దుకాణాల్లో ఇది మీటర్ల లెక్కన దొరుకుతుంది. దీని పన్నా 58 అంగుళాలు కావడం నా ఎంపికకు అన్నింటికంటే పెద్ద కారణం, ఎందుకంటే మధ్యలో ఒక్క అతుకు కూడా లేకుండా అడుగు మొత్తం ఒకే ముక్కలో వచ్చేస్తుంది. అన్ని నైలాన్ బట్టలకూ పూత ఒకేలా ఉండదు కనుక, ముందుగా పావు మీటరు మాత్రమే కొని ఇంట్లో పరీక్షించాను. బాగా తడిపిన తువ్వాలును గచ్చు మీద పరచి, దాని మీద ఈ ముక్కను వేసి, ఆ పైన దినపత్రిక కాగితం పెట్టి, ఐదు నిమిషాలు మోకాళ్ళ మీద కూర్చున్నాను. నీరు ఎక్కితే కాగితం మీద ముదురు చుక్కలు వెంటనే కనబడతాయి. మూడు రకాలు పరీక్షిస్తే ఒకటి నెగ్గింది. మిగిలిన రెండింటిలో ఒకటి దుకాణంలో నీళ్ళు పోసి చూపించినప్పుడు చుక్క కూడా దిగనిదే.

పై బొంత కోసం మా అమ్మగారి పాత మంగళగిరి చీర తీశాను. ఒళ్ళంతా సాదాగా, అంచున చిన్న జరీ గీతతో ఉన్న ఆ నూలు చీర పాతికేళ్ళు కట్టిన తర్వాత కూడా పోగు వదలలేదు. ఐదున్నర మీటర్ల చీర అంటే సుమారు 216 అంగుళాలు. 72 అంగుళాల చొప్పున కోస్తే సరిగ్గా మూడు ముక్కలు, అంటే మూడు పొరలు. పన్నా 45 అంగుళాలే ఉంది కనుక, రెండు వైపులా నాలుగేసి అంగుళాల పట్టీలు చేర్చి, అతుకు కుట్లలోకి పోయినది పోగా 51 అంగుళాలు చేశాను. పైకి కనబడే పొరకు మరో చీర అంచు వాడాను, లోపలి రెండింటికీ పాత దుప్పటి ముక్కలు సరిపోయాయి. మధ్యలో స్పాంజి వేయమని కొందరు చెప్పారు. నేను వేయలేదు. స్పాంజి ఒకసారి తడిస్తే నీటిని గుండెలో పెట్టుకుని వదలదు, మా తేమ గాలిలో అది ఆరేలోగా వాసన వస్తుంది. మూడు పొరల నూలు కూర్చోవడానికి చాలినంత మెత్తన.

ఈ మూడు పొరలకు మాత్రం అమ్మమ్మ పద్ధతిలోనే చేతికుట్టు వేశాను. ఇక్కడ ఎన్ని బెజ్జాలు పడినా భయం లేదు, ఇవన్నీ నేలను తాకని పొరలు. ఎర్ర దారంతో రెండంగుళాలకొక వరస వేస్తూ, రోజుకు రెండు మూడు వరసల చొప్పున పది పన్నెండు మధ్యాహ్నాలు పట్టింది. మిషను మీద ఒక పూటలో అయిపోయే పనే, కాని మిషను కుట్టు పొరలను పలకలా బిగిస్తుంది, చేతికుట్టు వేసిన బొంత ఒంటికి ఒదుగుతుంది. కుట్లు పడ్డ కొద్దీ బట్ట కొంత ముడుచుకుపోతుంది కనుక, మొదటి నుంచీ కొంచెం పెద్దదిగా ఉంచుకుని, అంతా అయ్యాక కొలిచి 49 అంగుళాల వెడల్పు, 69 అంగుళాల పొడవుకు కత్తిరించాను.

ఇప్పుడు అసలు పనికి వస్తాను. నైలాన్ బట్ట పెళుసు అంచులు తీసేసి 57 అంగుళాల వెడల్పు, 77 అంగుళాల పొడవు ఉంచాను. అంటే అడుగు పొర పై బొంత కంటే రెండు దిక్కులా 8 అంగుళాలు పెద్దది. ఈ తేడాలోనే మొత్తం కిటుకు ఉంది. రెండూ ఒకే కొలతలో ఉంటే, కలిపిన కుట్టు సరిగ్గా అంచు మీద పడి తడి పచ్చికను తాకుతుంది. అడుగు పొర పెద్దదైతే, తిరగేసినప్పుడు అది చుట్టూ రెండంగుళాల మేర పైకి మడత పడి, బొంతకు తానే అంచులా ఏర్పడుతుంది. కుట్టు పై ముఖాన, అంచుకు రెండంగుళాల లోపలికి వచ్చేస్తుంది. నేల వైపు తిప్పి చూస్తే ఒక్క కుట్టు కూడా కనబడదు. నూలు కూడా అంచుకు రెండంగుళాల దూరంలోనే ఆగిపోతుంది కనుక, పచ్చికలోని తడికి పాకే దారి లేదు. తయారైన కొలత 52 అంగుళాల వెడల్పు, 72 అంగుళాల పొడవు. మఠం వేసుకుని నలుగురు కూర్చోవచ్చు.

కుట్టే విధానం ఇది. రెండు ముక్కలకూ నాలుగు వైపులా మధ్య బిందువులను చాక్‌తో గుర్తు పెట్టుకోవాలి. నైలాన్ నేత వైపూ, బొంత మంచి వైపూ ఒకదానికొకటి ఎదురుగా ఉండేలా పెట్టి, ఒక్కో అంచును ఒక్కో అంచుతో కలిపి, మధ్య బిందువులు సరిపెట్టాలి. గుండుసూదులు వాడకూడదు, గుండుసూది గుచ్చిన చోట పడేదీ బెజ్జమే. బట్టలు ఆరేసే క్లిప్పులతో అంచులు పట్టుకుంటే చాలు. బొంత అంచుకు అరంగుళం లోపల మొదలుపెట్టి, చివరి మూలకు అరంగుళం ఉందనగా ఆపి, అక్కడ దారాన్ని వెనక్కు రెండు కుట్లు వేసి గట్టిపరచాలి. అడుగు పొర పెద్దది కనుక మూలల్లో బట్ట మిగిలి నిలబడుతుంది. దాన్ని అప్పటికి అలాగే వదిలేయాలి. నాలుగు వైపులా ఇలాగే కుడుతూ, ఒక పొట్టి వైపు మధ్యలో 18 అంగుళాల మేర మాత్రం కుట్టకుండా విడిచిపెట్టాలి. మూలలు కూడా అయ్యాక, ఆ నోటి గుండానే లోపలి భాగాన్ని బయటకు లాగి తిరగేయాలి.

మిషను విషయంలో మూడు జాగ్రత్తలు తీసుకున్నాను. సూది 16 నంబరుది, కొత్తది. మొద్దుబారిన సూది పూతను చీలుస్తుంది. దారం పాలియెస్టర్, నూలు కాదు. కారణం పైన చెప్పిన దీపపు వత్తే. కుట్టు పొడుగ్గా, అంగుళానికి ఆరుకు మించకుండా. దగ్గర దగ్గరగా కుడితే గట్టిగా ఉంటుందనుకుంటాం, కాని పూత ఉన్న బట్టకు అది తపాలా బిళ్ళల మధ్య బెజ్జాల వరసలా తయారై, లాగితే ఆ గీత వెంబడే చిరుగుతుంది. పూత ఉన్న వైపు పైకి వస్తే మిషను పాదానికి అంటుకుని బట్ట కదలదు. అందుకని బొంతను పైన, నైలాన్‌ను కింద ఉంచి కుట్టాను. కింది పళ్ళు పూతను చక్కగా పట్టి ముందుకు తోశాయి. మూలలు కుట్టేటప్పుడు మాత్రం రెండు వైపులా పూతే వస్తుంది. అక్కడ పాదానికీ బట్టకూ మధ్య పల్చని కాగితం పట్టీ ఉంచి, దాంతో సహా కుట్టి, తర్వాత కాగితాన్ని చింపి తీసేశాను.

మూలలు ఓపికగా చేయవలసిన పని. ఒక్కో మూలలో మిగిలిన నైలాన్‌ను, దాని రెండు పక్క అంచులూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడేలా మడిస్తే, ఐమూలగా ఒక మడత వస్తుంది. ముందు వేసిన కుట్టు ఆగిన బిందువు నుంచి ఆ మడతకు నిటారుగా ఒక గీత గీసి, దాని మీద కుట్టి, గీతకు అవతలి బట్టను అరంగుళం ఉంచి కత్తిరించాలి. గీత మడతకు నిటారుగా లేకపోతే తిరగేసినప్పుడు మూల ముడుచుకుపోతుంది. మొదటి మూలను నేను కంటి అంచనాతో కుట్టి విప్పవలసి వచ్చింది. నైలాన్‌లో విప్పిన కుట్టు గుర్తులు పోవు కనుక, మిగిలిన మూడింటికీ మూలమట్టం పెట్టి గీసుకున్నాను. తర్వాత కుట్లన్నింటి మీదా లోపలి వైపున తేనె మైనం ముక్కను గట్టిగా రుద్దాను. వేలి వెచ్చదనానికే అది మెత్తబడి బెజ్జాల్లోకి దిగుతుంది. పూత మీద ఇస్త్రీపెట్టె మాత్రం ఎన్నడూ పెట్టకూడదు.

తిరగేయడానికి విడిచిన ఆ 18 అంగుళాల నోటిని కుట్టి మూసేయలేదు. రెండు వైపుల మడతలకూ వరసగా టిచ్ బటన్లు కుట్టాను. ఆ బటన్లు పై ముఖానికి మడిచిన నైలాన్‌కే తగులుతాయి, నేల పొరకు తగలవు. దీనికి బలమైన కారణం ఉంది. పై బొంత నూలుది, సాంబారు ఒలికితే పీలుస్తుంది, ఆ తడి అడుగు పొర దగ్గర ఆగి లోపలే ఉండిపోతుంది. నోరు తెరిచి లోపలి భాగాన్ని పూర్తిగా బయటకు తిరగేస్తే, బొంత వెనక వైపుకూ గాలి తగిలి ఆరుతుంది. పై పొర కూడా నీరు దిగనిదైతే ఈ బాధ ఉండదు కదా అంటే, నిజమే. కాని మధ్యాహ్నపు ఎండలో అలాంటి దాని మీద కూర్చుంటే ఒళ్ళు చెమర్చి అంటుకుంటుంది, విస్తరాకులు జారిపోతాయి. నూలు మీద కూర్చోవడంలోని హాయి కోసం ఉతికే శ్రమ పడడానికి నేను సిద్ధమే.

అడుగు పొర మధ్యలో ఎక్కడా కుట్టు లేదు కనుక అది బొంత నుంచి విడిగా జారుతుందేమోనని మొదట సందేహపడ్డాను. నాలుగు మూలల్లోనూ లోపలి వైపు, కుట్టు దగ్గర మిగిలే బట్టకు చిన్న నాడాలు కుట్టి, బొంత మూలలకు కుట్టిన నాడాలతో ముడివేస్తే ఆ ఇబ్బంది రాలేదు. గాలికి అంచులు లేవకుండా ఇటుక పెట్టుకోవడానికి బిళ్ళలాంటి ఉంగరాలు కూడా కుట్టులో ఇరికించాను. వాటిని మూలల్లో పెట్టాలనిపిస్తుంది గాని, పెట్టకూడదు. మూల కుట్టు చివర మడత మీదికి, అంటే నేల దగ్గరకు వస్తుంది. అక్కడ బరువు పడి లాగితే బెజ్జాలు సాగుతాయి.

ఉతకడానికి చల్లని నీళ్ళు, కొద్దిగా సబ్బు, నీడలో ఆరవేయడం. పాలియురెథేన్ పూతకు వేడీ తేమా కలిసిన చోటు శత్రువు. తడిగా మడిచి బీరువాలో పెడితే కొన్నేళ్ళకు పూత జిగటగా మారి పొరలు పొరలుగా ఊడిపోతుంది. పొడి నేల మీద పరిచినా సరే, తీసేటప్పుడు అడుగు వైపు తడిగా కనబడవచ్చు. నేలలోంచి లేచిన ఆవిరి, చల్లని నైలాన్‌కు తగిలి నీరయినందువల్ల వచ్చిన తడి అది. ఇంటికి రాగానే తుడిచి, గంటసేపు దండెం మీద వేస్తే చాలు.

నిరుడు కార్తికంలో ఈ రెండో బొంతను అదే తోటకు తీసుకువెళ్ళాను. ముందు రోజు రాత్రి వాన కురిసింది, చెట్ల కింద నేల కాలు పెడితే నీరు ఊరేలా ఉంది. పరిచే ముందు, బటన్ల నోటి గుండా నైలాన్‌కూ బొంతకూ మధ్య దినపత్రిక కాగితాలు నాలుగు మూలలకూ, మధ్యకూ చేర్చి పెట్టాను. వడ్డన అయింది, భోజనాలు అయ్యాయి. పెద్దత్తయ్యగారు ఈసారి కావాలనే మోకాళ్ళ మీద ఆని, కాసేపు అలాగే ఉండి, లేచి కుచ్చెళ్ళు తడిమి చూసుకున్నారు. "పొడిగానే ఉందమ్మాయ్" అన్నారు. సాయంత్రం ఇంటికి వచ్చి కాగితాలు ఒక్కొక్కటే బయటకు తీశాను. మధ్యలోవి పెట్టినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. మూడు మూలలవి కూడా అంతే. నేను మొదట అంచనాతో కుట్టి విప్పిన మూల దగ్గరి కాగితం మీద మాత్రం రూపాయి బిళ్ళంత తడి చుక్క కనిపించింది, విప్పిన పాత బెజ్జాలు సరిగ్గా ఉన్న చోటున. మర్నాడు ఆ మూలను లోపలి వైపుకు తిరగేసి, మైనాన్ని గీకి తీసి, సైకిల్ పంక్చర్లకు వాడే రబ్బరు సొల్యూషన్ పల్చగా పూసి, మిగిలిన నైలాన్ నుంచి గుండ్రంగా కత్తిరించిన చిన్న ముక్కను దాని మీద అతికించి, రాత్రంతా బరువు పెట్టి ఉంచాను. తెల్లవారాక మళ్ళీ తడి తువ్వాలు పరిచి, ఆ మూల మీద ఐదు నిమిషాలు మోకాలు మోపి చూశాను. కాగితం ఆరే ఉంది.